పాయింట్ల లెక్క మారితే ఏం చెయ్యాలి: నా నోటుబుక్కులోంచి

2014లో మా అమ్మాయి కాన్పుకని న్యూజెర్సీ వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. ఐదడుగుల ఒక అంగుళం మనిషిని, అప్పట్లో 78 కిలోలు ఉండేదాన్ని. మేడమెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. బిడ్డకి మూడో నెల వచ్చాక అమ్మాయి వెయిట్ వాచర్స్ అనే, బరువు తగ్గడానికి దారి చూపే అమెరికా కంపెనీలో చేరి, తనతో పాటు నన్నూ చేర్పించింది. తిన్న ప్రతిదానికీ ఒక పాయింటు విలువ, రోజుకి ఒక కోటా. నాకు 26. ఆ ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గి నెల్లూరు వచ్చాను. ఇక్కడ నేను సభ్యురాలిని కాను. అమ్మాయి యాప్‌లో చూసి ఫోన్లో చెబుతుంది, నేను నోటుబుక్కులో రాసుకుంటాను.

ఏడాది తిరిగేసరికి లెక్క మారింది. ఆ తరవాత ఇంకో నాలుగుసార్లు మారింది. మా రంగనాయకులపేటలో నన్ను చూసి మొదలుపెట్టినవాళ్ళు ఐదుగురు. లెక్క మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇన్నాళ్ళు తప్పు లెక్క చేసినామా అక్కా?" అని నీరుగారిపోయేవాళ్ళు. ఇద్దరు మానేశారు. చక్కగా తగ్గుతున్న మనిషి లెక్క మారిందన్న ఒక్క కారణానికి మానేస్తే నాకు మనసు ఉండబట్టదు. వాళ్ళలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మీరు ఆ కంపెనీ పద్ధతే పాటించనక్కర్లేదు. డాక్టరిచ్చిన చార్టు మారినా, ఫోన్లో యాప్ మారినా ఇదే దారి.

మారింది తూనికా? జాబితానా?

కొత్త లెక్క చేతికి రాగానే అందరూ చేసే పని, ఒక్కో పదార్థం ఎంతయిందో వెతుక్కోవడం. దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మార్పు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పాయింటు కట్టే సూత్రమే మారడం. దీన్ని నేను తూనిక మారడం అంటాను. రెండోది, సూత్రం అలాగే ఉండి, సున్నా పాయింట్ల పదార్థాల జాబితా, రోజు కోటా మారడం. మొదటిదానికి మీ వంటలకి మళ్ళీ విలువ కట్టుకోవాలి. రెండోదానికి విలువలు ముట్టుకోనక్కర్లేదు, కంచంలో సర్దుబాటు చెయ్యాలి. ఈ తేడా తెలియక నేను 2018లో ఆరు వారాలు పోగొట్టుకున్నాను. ఆ కథ తరవాత చెబుతాను.

జరిగినవి వరసగా చెబితే మీకే అర్థమవుతుంది. ఈ సంస్థని 1963లో న్యూయార్క్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి మొదలుపెట్టింది. బరువు తగ్గాలనుకున్న స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి మాట్లాడుకోవడంతో మొదలైంది. అప్పటికి పాయింట్లు లేవు. అమెరికాలో పాయింట్లు వచ్చింది 1997లో. కేలరీలు, కొవ్వు పెరిగితే పాయింటు పెరిగేది, పీచు ఉంటే కొంచెం తగ్గేది. 2010 చివర్లో తూనిక మార్చారు. మాంసకృత్తులు, పిండిపదార్థం, కొవ్వు, పీచు లెక్కలోకి వచ్చాయి, పళ్ళు సున్నా అయ్యాయి. నేను నేర్చుకున్నది అదే. 2015 డిసెంబరులో మళ్ళీ తూనికే మారింది. చక్కెర, సంతృప్త కొవ్వు ఉన్నవాటికి పాయింట్లు పెరిగాయి, మాంసకృత్తులు ఉన్నవాటికి తగ్గాయి. 2017 డిసెంబరులో మాత్రం తూనిక మారలేదు. సున్నా జాబితా రెండు వందలు దాటింది, కనీస కోటా 30 నుంచి 23కి దిగింది.

ఫోన్లో అమ్మాయి చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "అమ్మా, మళ్ళీ మార్చినారు. గుడ్డు సున్నా అంట, చేప సున్నా అంట, కందిపప్పు కూడా సున్నానే. కోటా మాత్రం ఇరవైమూడు."

నోటుబుక్కులో కొత్త గడి గీయండి

పాత పుస్తకం పారేసి కొత్తది కొనకండి. నా పుస్తకంలో ఎడమవైపు వంట పేరు, దాని పక్కన పాయింటు. లెక్క మారినప్పుడల్లా పక్కన ఇంకో నిలువు గీత గీసి, పైన నెలా సంవత్సరం వేసి, కొత్త విలువ రాస్తాను. పాతదాన్ని కొట్టెయ్యను. రెండు గడులు పక్కపక్కన ఉంటే ఏ వంట ఎగిరిందో, ఏది కదల్లేదో ఒక్క చూపుకి కనపడుతుంది. మీరు చెయ్యాల్సిన మార్పంతా ఆ ఎగిరినవాటి దగ్గరే ఉంటుంది.

2015 మార్పుకి నేను కట్టుకున్న లెక్కలు చూడండి. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో చక్కెర వాటా 1 నుంచి 2 అయింది. రోజుకి మూడు టీలు తాగేదాన్ని, అంటే 3 ఉన్నది 6 అయింది. పెద్ద చెంచాడు నెయ్యి 3 నుంచి 6కి వెళ్ళింది. అదే చెంచాడు పొద్దుతిరుగుడు నూనె 4 దగ్గరే ఉండిపోయింది. కొలత కప్పు అన్నం 5 నుంచి 6 అయింది. గుడ్డు పాత లెక్కలోనూ 2, ఆ కొత్త లెక్కలోనూ 2. ఇంత చిన్న పట్టీ చూశాక నాకు భయం పోయింది. మారింది పెద్దగా ఏమీ లేదు, టీలో చక్కెరా, నెయ్యీ. టీలో చక్కెర వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చి రెండు నెలలకి మానేశాను. నేతి కారం దోశ మా నెల్లూరు మనిషి మానేది కాదు. నెలకి రెండుసార్లు, నెయ్యి చిన్న చెంచాతో కొలిచి ఇంట్లోనే పోసుకుంటాను. హోటల్లో పెనం మీద పోసే నెయ్యికి కొలత అడగలేం కదా.

అన్ని వంటలకీ విలువ కట్టాలని కూర్చోకండి. అక్కడే చాలామంది అలసిపోతారు. ఏ ఇంట్లోనైనా నెల మొత్తంలో తిరిగేది ఇరవై వంటలు. మా ఇంట్లో ఇడ్లీ, దోశ, పులిబొంగరాలు, ఉప్మా, అన్నం, సజ్జ రొట్టె, పప్పు, చారు, గోంగూర, వంకాయ, బీరకాయ, చేపల పులుసు, రొయ్యల వేపుడు, కోడికూర, గుడ్డు, పెరుగు, మజ్జిగ, టీ, వేరుశనగ పచ్చడి, అరటిపండు. వీటికి కొత్త విలువ కడితే వారంలో తొంభై పాళ్ళు అయిపోయినట్టే. మిగతావి తిన్నరోజు చూసుకోవచ్చు.

గిన్నె మొత్తానికి కట్టి, తరవాత పంచడం

అమెరికా యాప్‌లో అరిసెలు ఉన్నా, అవి మన పొయ్యి మీద వండినవి కావు. ఎవరి పాకం వాళ్ళది. అందుకని వండిన మొత్తానికి లెక్క కట్టి, ఎన్ని వచ్చాయో దానితో భాగించడం నేర్చుకోండి. ఇది వస్తే లెక్క ఎన్నిసార్లు మారినా మీకు ఇబ్బంది ఉండదు.

సంక్రాంతికి నేను కిలో బియ్యానికి 600 గ్రాముల బెల్లం వేస్తాను. నూనె ఎంత పీల్చుకుందో తెలియాలంటే వండకముందు మూకుడుతో సహా నూనెని తూచండి, వండాక చల్లార్చి మళ్ళీ తూచండి. గట్టిగా ఒత్తగా ఒత్తగా ఒక ఏడాది మాకు పావుకిలో పోయింది. బియ్యం సుమారు 3500 కేలరీలు, బెల్లం 2300, నూనె 2250. మొత్తం ఎనిమిది వేల చిల్లర. వచ్చినవి 40 అరిసెలు, అంటే ఒక్కోటి 200 కేలరీలు. 2010 తూనికలో ఒక అరిసె 5 పాయింట్లు. 2015 తూనికలో బెల్లం వల్ల 8. కోటా 23 ఉన్న రోజు రెండు అరిసెలు తింటే 16 పోయినట్టే. ఆ అంకె కాగితం మీద చూశాకే నేను పండగ మూడు రోజులూ రోజుకొక్కటి అని పెట్టుకున్నాను. ఆ ఒక్కటీ పొద్దున టిఫిన్ బదులు తింటాను, భోజనం తరవాత తినను.

పులిబొంగరాలకి పిండి కంటే గుంటల్లో పోసే నూనెదే లెక్క. పులుసుకి పోపు నూనె. వేపుళ్ళకి మళ్ళీ నూనె. ఇన్నేళ్ళలో తూనిక ఎన్నిసార్లు మారినా మారనిది ఒకటే, నూనెకి సున్నా ఇచ్చినవాళ్ళెవరూ లేరు. అందుకే ఈ ముక్క మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

మా ఇంట్లో నూనె కొలిచేది ఉదయగిరి కొయ్య చెంచాతో. ఉదయగిరి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న నున్నటి చెంచా, ఒకసారి నీళ్ళు పోసి కొలిస్తే సరిగ్గా చిన్న చెంచాడు, అయిదు మిల్లీలీటర్లు పట్టింది. అది 40 కేలరీలు. మీ చెంచాకి మీరు కూడా ఒకసారి కొలత చూసుకోండి, ఆ తరవాత ఆ ఒక్క చెంచానే నూనె డబ్బా దగ్గర ఉంచండి. సీసాతో వంచి పోస్తే మూడు చెంచాలు అనుకున్నది ఆరవుతుంది. ఇది నేను తూచి చూసిన సంగతి.

నెలకి ఇంట్లో ఎంత నూనె అయిందో కూడా చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు పెట్టారు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ముగ్గురున్న ఇంట్లో ఆ లెక్కన నెలకి రెండున్నర లీటర్లు, ఇంకొంచెం. మేము ఐదు లీటర్లు వాడేవాళ్ళం! పాయింట్లు పక్కన పెట్టండి, ఆ ఒక్క అంకె చాలు ఎక్కడ సరిదిద్దుకోవాలో చెప్పడానికి. ఇప్పుడు రెండున్నర దాటనివ్వను. కొత్త లెక్క అర్థంకాక తికమకపడే మొదటి రెండు వారాల్లో నూనె కొలతని, అన్నం కొలతని మాత్రం గట్టిగా పట్టుకోండి, మిగతాది మెల్లగా సర్దుకుంటుంది.

అన్నం కొలత అంటే వండకముందు బియ్యం కొలత. నాకు పూటకి 60 గ్రాములు. ఉడికాక సుమారు మూడింతలు తూగుతుంది, 6 పాయింట్లు. పూర్వం మా నాయన మొలగొలుకులు తప్ప తినేవాడు కాదు. ఇప్పుడు మా ఇంట్లో నెల్లూరు మసూరి. ఏ బియ్యమైనా గ్రాముకి కేలరీలు దాదాపు ఒకటే. సన్నబియ్యం తేలిగ్గా ఉంటాయి కాబట్టి ఎక్కువ తినొచ్చు అనే మాట నమ్మకండి.

సున్నా అన్నమాట మన ఇంట్లో ఎలా పనిచేస్తుంది

ఇప్పుడు 2018 కథ. పప్పు సున్నా అనేసరికి నాకు పట్టలేని సంతోషం. మా పొలాల్లో కంది పండేది, చిన్నప్పటి నుంచి పప్పు లేని పూట లేదు. మధ్యాహ్నం ముద్దపప్పు మూడు గరిటెలు, రాత్రి పప్పుచారు, మధ్యలో రెండు అరటిపళ్ళు. అన్నీ సున్నాలే. పుస్తకంలో రోజుకి 23 దాటలేదు. ఆరు వారాలకి రెండు కిలోలు పెరిగాను. తూనిక మారిందేమో, నా పాత విలువలు చెల్లవేమో అని రాత్రిళ్ళు కూర్చుని అన్నిటికీ మళ్ళీ లెక్క కట్టాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు నేను వెతికినచోట లేదు.

సున్నా అంటే అందులో కేలరీలు లేవని కాదు. వంద గ్రాముల కందిపప్పులో 340 కేలరీల దాకా ఉంటాయి. మామూలుగా మనిషి ఎంత తింటాడో అంత తింటారని అనుకుని, ఆ మేరకు కోటాని 30 నుంచి 23కి ముందే తగ్గించేశారు. తగ్గించిన ఆ 7 పాయింట్లలోనే గుడ్డూ చేపా పప్పూ ఉన్నాయి. మనం అంతకు మించి తింటే ఆ లెక్క తప్పుతుంది.

దానికి తోడు అమెరికాలో పప్పు తినే తీరు వేరు. మా అమ్మాయి ఇంటి పక్కావిడ ఉడికించిన పప్పుని కూరగాయల్లో కలిపి గిన్నెలో వేసుకుని చెంచాతో తినేస్తుంది. మనకి పప్పు అంటే అన్నం. పప్పు రెండో గరిటె వేసుకుంటే అన్నం ఇంకో ముద్ద, దాని మీద నెయ్యి, నంజుకోడానికి ఆవకాయ. సున్నా పదార్థం తనతో పాటు పది పాయింట్లని కంచంలోకి తెచ్చేస్తుంది. బొమ్మిడాయిల పులుసూ అంతే. చేప సున్నానే. కానీ మామిడికాయ వేసిన మర్నాటి పులుసు ఉంటే మామూలు రోజు అన్నంతో లేచేవాళ్ళు ఎవరు?

అందుకని మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఇది. అన్నం ముందే కొలిచి కంచంలో పెట్టుకుని, గిన్నె మూత పెట్టి వంటింట్లోనే వదిలేస్తాం. పప్పు విడిగా చిన్న గిన్నెలో వేసుకుని, మొదట సగం అలాగే తింటాం, మిగతా సగమే అన్నంలోకి. వండే పప్పుకి కూడా కొలత ఉంది. పోషకాహార సంస్థ పళ్ళెంలో పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి రోజుకి 85 గ్రాములు. చేపల పులుసు ఉన్నరోజు పప్పు వండను. ఏ కొత్త జాబితాలో ఏది సున్నా అయినా, మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది నా కంచంలోకి వచ్చేటప్పుడు వెంట దేన్ని తెస్తుంది? బీరకాయ ఏమీ తీసుకురాదు. పప్పు తెస్తుంది. ఆ వెంట వచ్చేదాన్ని కొలవండి.

రంగులు వచ్చిన ఏడాది, నీళ్ళకి పాయింటు ఇచ్చిన ఏడాది

2019 నవంబరులో ఒక్క పద్ధతి మూడయింది. ఆకుపచ్చ, నీలం, ఊదా. ఆకుపచ్చలో సున్నా జాబితా చిన్నది, వందకి పైన, కనీస కోటా 30. నీలంలో రెండు వందలకి పైన, కోటా 23. ఊదాలో మూడు వందలకి పైన, కోటా 16. ఊదాలో బంగాళాదుంప, ముడిబియ్యం కూడా సున్నా. ఇలాంటి ఎంపిక ఎదురైనప్పుడు పొడుగాటి జాబితా చూసి మురిసిపోకండి. మీరు దేని దగ్గర ఆగలేరో అది సున్నా కాని రంగు తీసుకోండి. నేను అన్నం దగ్గర ఆగలేను, కాబట్టి ఊదా నాకు పనికిరాదు. గుడ్డూ చేపా తింటాను కాబట్టి నీలం. మా తోడికోడలు గుడ్డు కూడా ముట్టదు, రోజూ పెరుగన్నం ఉండాలి, దానికి ఆకుపచ్చ సరిపోయింది. కోటా ఎక్కువ కాబట్టి పెరుగన్నాన్ని లెక్కలో రాసుకునే తినగలిగింది. ఒకే ఇంట్లో రెండు రంగులు ఉంటే గందరగోళమేమీ లేదు, వంట ఒకటే, రాసుకునే పుస్తకాలే రెండు.

2021 నవంబరులో జాబితా మనిషికొకటి అయింది. కొన్ని ప్రశ్నలు అడిగి దాన్ని బట్టి సున్నాలు ఇచ్చేవాళ్ళు. కూరగాయలు తింటే, నీళ్ళు తాగితే, నడిస్తే కోటాకి పాయింట్లు కలిసేవి. తూనిక కూడా మారింది. పీచుకీ, మంచి కొవ్వుకీ కొంత తగ్గింపు వచ్చింది, విడిగా కలిపిన చక్కెర మీద భారం పడింది. వేరుశనగ పచ్చడికి కొంచెం ఊరట దొరికింది. నీళ్ళ సంగతికి వస్తే, రోహిణి కార్తెలో నెల్లూరులో నీళ్ళు తాగమని ఒకరు చెప్పాలా? ఉత్త ఎండకే నాలుగు లీటర్లు తాగుతాం. దానికి వచ్చిన పాయింట్లతో అన్నం పెంచుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. కూరగాయల వల్ల వచ్చినవి వాడుకున్నాను, నీళ్ళవి వదిలేశాను. పెన్న గట్టు దాకా పొద్దున నడిస్తే వచ్చినవి ఆదివారం చేపల పులుసుకి దాచుకున్నాను. మీకు కలిసొచ్చే పాయింట్లు ఇచ్చే పద్ధతి ఏదైనా వస్తే, అంతకు ముందు చెయ్యని పనికి వచ్చినవే వాడండి.

2022 చివర్లో ఆ మనిషికొక జాబితా తీసేసి, మళ్ళీ అందరికీ ఒకటే చేశారు. నాకు పెద్ద పని పడలేదు. నీలం గడి తీసి చూసుకుంటే మా ఇరవై వంటల్లో మారినవి నాలుగే.

నాలుగు వారాలు

లెక్క మారిన మొదటి వారం బరువు చూసి ఏ నిర్ణయానికీ రాకండి. అన్నం తగ్గినా, ఉప్పు తగ్గినా ఒంట్లో నీరు దిగి కిలో తగ్గినట్టు కనపడుతుంది. పచ్చళ్ళు తిన్న మర్నాడు మళ్ళీ పెరుగుతుంది. శుక్రవారం పొద్దున, తలస్నానానికి ముందు, ఏమీ తాగకుండా, అదే మిషను మీద, అదే గచ్చు మీద. వారానికి ఒక్కసారి. నాలుగు శుక్రవారాలు రాసి, మొదటిదీ నాలుగోదీ పోల్చండి. దాంతో పాటు దర్జీ టేపుతో బొడ్డు దగ్గర నడుం చుట్టుకొలత రాయండి. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 లోపల ఉండాలని డాక్టర్లు చెబుతారు. బరువు కదలని నెలలో కూడా నా టేపు రెండు సెంటీమీటర్లు తగ్గిన సందర్భాలున్నాయి. ఆ అంకెలే నన్ను నిలబెట్టాయి.

నాలుగు వారాలకీ ఏమీ కదలకపోతే ముందు నూనె, తరవాత సున్నాలు, తరవాత టీలు చూసుకోండి. కోటా తగ్గించుకోవడం చివరిమాట. కోటా కంటే తక్కువ తిని గొప్ప అనుకునేవాళ్ళని చూశాను. పది రోజులు ఉంటారు, పదకొండో రోజు కూర్చున్నచోటే మలై కాజాలు అరకిలో అయిపోతాయి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మా ఇంటాయనకి షుగరు ఉంది. నా కొత్త లెక్క చూసి ఆయన రాత్రి అన్నం ఒక్కసారిగా సగం చేశారు, మాత్ర మాత్రం అంతే వేసుకున్నారు. తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు పడిపోయింది. చక్కెర నీళ్ళు పట్టించి కూర్చోబెట్టాను. ఆ రాత్రి నేను మరిచిపోలేను. కొత్త లెక్క మొదలుపెట్టే ముందు డాక్టరుకి చూపించి, మాత్ర మోతాదు అడిగి మొదలుపెట్టండి. పళ్ళు సున్నా అనే జాబితా షుగరు ఉన్నవాళ్ళది కాదు. వాళ్ళకి వెయిట్ వాచర్స్ ఇచ్చే జాబితాలోనే పళ్ళకి పాయింట్లు ఉంటాయి.

పండగలకి నేను లెక్క ఆపను, ముందుగా రాసుకుంటాను. మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటాం. 2016లో నేను ఆరోగ్య రొట్టె పట్టుకున్నాను. నీళ్ళలో నిలబడి ఇంకొకరి చేతి నుంచి తీసుకున్న రొట్టెని పాయింట్ల కోసం వదిలేసే మనసు నాకు లేదు. గోధుమరొట్టె లెక్క పొద్దునే పుస్తకంలో వేసేసి వెళతాను, ఆ రోజు మధ్యాహ్నం అన్నం ఉండదు, కూరా మజ్జిగా.

యాప్ ఉన్నా లేకపోయినా

ఈ మధ్య మార్పులు ఇంకో దారి పట్టాయి. 2023లో వెయిట్ వాచర్స్ బరువు తగ్గించే ఇంజెక్షన్లు రాసే వైద్యసేవని కొనుక్కుంది. 2025 మేలో 115 కోట్ల డాలర్ల అప్పు వదిలించుకోవడానికి దివాలా రక్షణ కోరి కోర్టుకి వెళ్ళింది, కొన్ని వారాల్లో బయటపడింది. ఆ వార్త విన్న రోజు మా అమ్మాయి అడిగింది, "యాప్ ఆగిపోతే నా పదేళ్ళ లెక్కలు ఏమైపోతాయమ్మా?" అని. నా పుస్తకం మొదటి పేజీ నుంచి ఫొటోలు తీసి పంపాను. తను రోజూ వండే ఇరవై వంటలని కూడా ఇప్పుడు కాగితం మీద రాసుకుంటోంది. మీరూ ఆ పని చేసుకోండి. ఫోన్లోని విలువలు నెలకోసారి కాగితం మీదకి దించండి, గిన్నె లెక్కలతో సహా.

మన దేశంలోకి కూడా 2025లో మౌంజారో, వెగోవీ అనే అలాంటి ఇంజెక్షన్లు వచ్చాయి. మా వీధిలో ఒకావిడ డాక్టరు రాసి ఇస్తే తీసుకుంటోంది. నన్ను అడిగింది, "ఆకలే లేదక్కా, ఇంకా పాయింట్లు రాయాలా?" రాయమన్నాను. ఆకలి పోయినవాళ్ళు మొదట వదిలేసేది గుడ్డూ పప్పూ, తాగి ఊరుకునేది టీ. కండ కరగకుండా ఉండాలంటే మాంసకృత్తులు చాలా అవసరం. అందుకని ఆవిడ పుస్తకంలో గడులు తిరగేసి గీశాను. మనం ఇంత దాటకూడదని రాస్తాం, ఆవిడ ఇంతకు తగ్గకూడదని రాస్తుంది. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గిన్నెడు పప్పు, రాత్రి చేపముక్కో పెరుగో. తిన్నదాని పక్కన టిక్కు పెడుతుంది. నెలకోసారి ఆ పేజీ డాక్టరుకి చూపిస్తుంది.

నా బరువు ఇప్పుడు 64. నడుం ఇంకా 86 దగ్గర ఉంది. పుస్తకంలో ఐదు గడులు నిండాయి, ఆరోదానికి కిందటి శుక్రవారమే గీత గీసి ఉంచాను.